ఎడమచేతి ముడి

రాణి బోను గట్టిగా వేలెడు కూడా ఉండదు. చిన్న చెక్కముక్కను తొలిచి, ఒకవైపు సన్నటి జాలీ కొట్టి, రెండు చివర్లా రెండు బెజ్జాలు చేసి, వాటికి బిరడాలు బిగిస్తారు. ఒక చివర బిరడా వెనక చక్కెర ముద్ద కూరి ఉంటుంది. రాణి తేనెటీగనూ, దానికి తిండి పెట్టడానికి ఓ ఆరు కూలి ఈగలనూ లోపల ఉంచి, రాణి లేని తేనెపెట్టెలో వేలాడదీస్తారు. పెట్టెలోని ఈగలు చక్కెర ముద్దను కొరుక్కుంటూ దారి చేసేసరికి మూడు నాలుగు రోజులు పడుతుంది. ఈలోగా అవి కొత్త రాణి వాసనకు అలవాటు పడాలి. తొందరపడి ముందే వదిలితే ముద్దలా చుట్టుకుని చంపేస్తాయి. కొత్తవాళ్ళను ఇంట్లోకి రానివ్వడంలో ఈగలకూ మనుషులకూ పెద్ద తేడా లేదని ముడి పెద్దమ్మ అంటూ ఉంటుంది.

ఆమె అసలు పేరు మొగుడికైనా గుర్తుందో లేదోనని పొగబాబాయి వేళాకోళమాడతాడు. పొగబాబాయి అంటే ఈగలు సద్దుమణగడానికి పొగడబ్బా పట్టుకుని వెంట తిరిగే మనిషి. ఆ తేనెతోటలో ఎవరి పనే వాళ్ళ పేరు. ఇరవై రెండేళ్ళుగా ప్రతి రాణి బోనూ పెద్దమ్మ చేతిమీదుగానే పెట్టెలోకి దిగింది. ఆమె వేసిన ముడి ఊడిందని ఇంతవరకు ఎవరూ వినలేదు.

ఆ సోమవారం పొద్దున్నే షెడ్డులో బల్ల మీద పద్నాలుగు బోనులు వరుసగా పెట్టి ఉన్నాయి. ముసలి రాణులను ముందురోజే తీసేశారు. పెద్దమ్మ బల్లకు ఒకవైపు, కొత్తమ్మాయి ఇంకోవైపు కూర్చున్నారు. కొత్తమ్మాయి చేరి ఎనిమిది నెలలైంది. ఆమె తర్వాత ఎవరూ చేరకపోవడంతో ఆ పేరు అలాగే ఉండిపోయింది. నాలుగేళ్ళ కూతురుంది. భర్త లేడు. పని చేస్తున్నంతసేపూ పెదవులు బిగించి ఉంచుతుంది, నవ్వితే పని పాడవుతుందన్నట్టు.

పని ఇంతే. మైనం రాసిన దారాన్ని బోను చుట్టూ రెండు చుట్లు తిప్పి ముడి వేయాలి. రెండో కొసను వెదురు పుల్లకు కట్టాలి. ఆ పుల్లను పెట్టెలో తేనెపట్టు చట్రాల మీద అడ్డంగా ఉంచితే, బోను రెండు పట్ల నడుమ వేలాడుతుంది. మైనం దారం చివకదు. కానీ ముడి చివరి దాకా బిగియకపోతే జారుతుంది.

"ఒక ముడి పడ్డాక దాని మీద ఇంకోటి వెయ్యి" అంది పెద్దమ్మ.

"వేశాను పెద్దమ్మా."

"చూశాన్లే. వేసినట్టుంది, బిగించినట్టు లేదు."

కొత్తమ్మాయి దారం మళ్ళీ లాగింది. కాసేపాగి, "సన్నతీగతో కొక్కెంలా చేస్తే ఈ ముడుల బాధే ఉండదు కదా పెద్దమ్మా. ఇంటి దగ్గర ఒకటి చేసి చూశాను" అంది.

"రాత్రి చలికి తీగ మంచుముక్క అవుతుంది. రాణి పక్కన మంచుముక్క పెడతావా? దారం కట్టు."

కొత్తమ్మాయి దారం కట్టింది. పెద్దమ్మ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకమని ఆమెకు మొదటి వారంలోనే తెలిసింది.

పెద్దమ్మది ఎడమచేతి వాటం. దారం అందరికీ తిరిగే వైపు ఆమెకు తిరగదు. అందువల్ల ఆమె ముడి కొంచెం పక్కకు వాలి, కొస ఎడమకు నిలుస్తుంది. ముడి పడ్డాక ఆమె ఆ కొసను పళ్ళ మధ్య పెట్టుకుని మెడ వెనక్కి వాల్చి లాగుతుంది. ఇది ఈమధ్య పట్టుకున్న అలవాటు. కొత్తమ్మాయి ఒకసారి అది చూసి కళ్ళు దించుకుంది.

ఆరు నెలలుగా పెద్దమ్మ వేళ్ళ కొసలు మొద్దుబారుతున్నాయి. మొదట చూపుడువేలు, తర్వాత బొటనవేలు, ఇప్పుడు అన్నీ. టీ గ్లాసు పట్టుకుంటే వేడి తెలియదు. చిల్లర నాణేలు చూసుకుంటే తప్ప చేతిలో ఏముందో తెలియదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. రాణులను కట్టలేని పెద్దమ్మను ఖాళీ పెట్టెలు కడగడానికి పంపిస్తారు. కడగడం తప్పు పని కాదు. కానీ ఇరవై రెండేళ్ళ తర్వాత ఆ కడిగే తొట్టి దగ్గరికి నడిచి వెళ్ళడం ఆమెకు చాలా దూరంగా తోచేది. బల్ల దగ్గర పళ్ళున్నాయి కదా, ఇంకా కొన్నాళ్ళు నెట్టుకు రావచ్చు.

తొమ్మిదింటికి పెట్టెల దగ్గరికి వెళ్ళారు. ఒకటి నుంచి ఏడు వరకు పెద్దమ్మవి, ఎనిమిది నుంచి పద్నాలుగు వరకు కొత్తమ్మాయివి. ప్రతి పెట్టె మీదా ఒక పలకముక్క ఉంటుంది. ఎవరు కట్టారో వాళ్ళు దాని మీద సుద్దతో గుర్తు వేస్తారు. పెద్దమ్మది సున్నా, కొత్తమ్మాయిది నిలువు గీత. పొగబాబాయి రెండు పొగలు ఊదగానే మూత తీసి, నడిమి చట్రాలను వేలెడు పక్కకు జరిపి, చక్కెర ముద్ద ఉన్న చివరి బిరడా మాత్రం పీకి, ఆ చివర పైకి ఉండేలా బోను దించాలి. కింది వైపు పెడితే, లోపల కూలి ఈగ ఒక్కటి చచ్చినా దారికి అడ్డంపడి రాణి బయటికి రాలేదు. జాలీ వైపు సందులోకి తిరగాలి. పట్టుకు ఆనుకుంటే ఈగలు రాణికి తిండి అందించలేవు. ఇవన్నీ కొత్తమ్మాయికి పెద్దమ్మే నేర్పింది. ఆ పిల్ల ఒక్కటీ తప్పలేదు. పుల్లను ఉంచే ముందు ప్రతి బోనునూ కిందికి లాగి చూసుకోవడం కూడా పెద్దమ్మ గమనించింది. గమనించి, ఏమీ అనలేదు. మెచ్చుకుంటే చెడిపోతారని ఆమె నమ్మకం.

మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పుకుని షెడ్డులో కూర్చున్నప్పుడు పెద్దమ్మ మళ్ళీ ముసుగు వేసుకుని పెట్టెల దగ్గరికి వెళ్ళింది. ఇది మాత్రం పాత అలవాటే. ఇంకొకరు కట్టిన ముడిని తన చేత్తో తడిమి చూస్తే తప్ప ఆమెకు అన్నం సహించదు. కొత్తమ్మాయి పెట్టెల్లో ఒకదాని మూత తీసి, పుల్ల పైకెత్తి, ముడిని రెండు వేళ్ళ మధ్య నలిపింది. బిగువు తగల్లేదు. దారం ఉందో లేదో అన్నట్టుంది. అప్పుడే కొన్ని ఈగలు బోనును పట్టుకుని వేలాడుతున్నాయి. పెద్దమ్మ నాలుక చప్పరించి, జేబులోంచి బ్లేడు తీసి దారం కోసేసి, కొత్త దారంతో మళ్ళీ కట్టింది. ముఖానికి వల ఉంది, పళ్ళు పనికిరావు. చేతనైనంత లాగింది. అలా నంబరు కూడా చూడకుండా ఏవో మూడు పెట్టెల్లో మార్చింది. ఎండ నెత్తిమీదికొచ్చింది. మిగతావి బాగానే ఉండి ఉంటాయనుకుని తిరిగొచ్చి డబ్బా విప్పింది. పలకల మీద గీతలు గీతల్లాగే ఉన్నాయి.

కొత్తమ్మాయి షెడ్డు గడపలో నిలబడి నీళ్ళు తాగుతూ అటే చూసింది.

*

మూడు రాత్రులు చలి గట్టిగా పడింది. గురువారం పొద్దున యజమాని కూడా వచ్చాడు. పూత మొదలవడానికి ఇంక మూడు వారాలే ఉంది. ఇప్పుడు పెట్టిన రాణులు గుడ్లు పెడితేనే ఆ వేళకు పెట్టె నిండా ఈగలుంటాయి. నలభై దాటిన మనిషి, తండ్రి పోయాక తోట చూసుకుంటున్నాడు. మర్యాదస్తుడే. కాకపోతే ఏ విషయమైనా నిలబడ్డచోటే తేల్చేసి కదలాలనుకుంటాడు.

పెద్దమ్మ ఏడు పెట్టెల్లోనూ బోనులు ఖాళీగా ఉన్నాయి. రాణులు పట్టు మీద తిరుగుతున్నాయి. ఎనిమిదో పెట్టె కూడా బాగుంది. తొమ్మిదో పెట్టె మూత ఎత్తగానే పెద్దమ్మ చెయ్యి ఆగింది. రాణి ఉన్న పెట్టె మూత తీస్తే ఒక్కసారి గుయ్యిమని వెంటనే సద్దుమణుగుతుంది. రాణి లేని పెట్టె అలా కాదు, సన్నగా, తెరిపి లేకుండా మూలుగుతుంది. ఆ మూలుగు ఆమె చెవికి బాగా తెలుసు.

పుల్ల చట్రాల మీద ఉంది. దాని కింద బోను లేదు.

నాలుగు చట్రాలు తీశాక అడుగు పలక మీద బోను కనిపించింది. చలి రాత్రుల్లో ఈగలన్నీ పైన పట్టు దగ్గర గుంపు కడతాయి. అడుగున పడ్డదాని దగ్గరికి ఒక్కటీ రాదు. రాణి కాళ్ళు ముడుచుకుని, జాలీకి ఆనుకుని చచ్చి ఉంది. చుట్టూ దాని ఆరు ఈగలు.

పదకొండో పెట్టెలోనూ అంతే. పన్నెండులోనూ అంతే.

యజమాని మూడు పలకలూ తీసి చూశాడు. మూడింటి మీదా నిలువు గీతే.

"ఏమ్మా ఇది?" అన్నాడు.

కొత్తమ్మాయి ముఖం పాలిపోయింది. "నేను బిగించాను సార్. లాగి చూసి మరీ పెట్టాను. దారమేమన్నా..."

"దారం మీదికి తోయకు" అంది పెద్దమ్మ. "అదే దారంతో నేనూ కట్టాను. ఆడలేక మద్దెల ఓడంటే ఎలా?"

ఆ మాట అంటున్నప్పుడు ఆమె అబద్ధమాడుతున్నానని అనుకోలేదు. మూడింటిని తాను మార్చి కాపాడింది. మార్చకుండా వదిలిన నాలుగులోనే ఈ మూడూ ఊడి ఉంటాయి. ఎండకు జడవకుండా మొత్తం ఏడూ చూసి ఉండాల్సిందని తనను తానే తిట్టుకుంది కూడా. లెక్క ఆమె మనసులో అంత చక్కగా కుదిరింది.

యజమాని ఆమె వైపు తిరిగాడు. "మీరేమంటారు పెద్దమ్మా? మీరు నేర్పిన మనిషే కదా."

పొగబాబాయి డబ్బా కింద పెట్టాడు. అందరూ ఆమె నోటివంకే చూస్తున్నారు. ఒక్క మాట, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది బాబూ అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. అయితే ముడి అనేది ఆమెకు పరువు.

"ముడి మీద ముడి వెయ్యమని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను" అంది. "వింటేనా."

"సరే. రేపట్నించి రావద్దమ్మా" అన్నాడు యజమాని. కోపంగా అనలేదు. అని, పదమూడో పెట్టె వైపు నడిచాడు.

కొత్తమ్మాయి ఏడవలేదు. వంగి, పన్నెండో పెట్టెలోంచి తీసిన బోనును చేతిలోకి తీసుకుంది. దానికి చుట్టిన దారాన్ని చూసింది. తర్వాత పెద్దమ్మ ముఖంలోకి చూసింది. అలా చూస్తూనే దగ్గరికొచ్చి ఆ బోనును ఆమె అరచేతిలో పెట్టింది.

"ఇది మీ దగ్గరే ఉంచుకోండి పెద్దమ్మా" అంది.

ఎంత పొగరు అనుకుంది పెద్దమ్మ. చూడకుండానే బోనును జేబులో వేసుకుంది.

*

పెద్దమ్మ భర్త దర్జీ. చూపు మందగించాక మిషను అమ్మేసి ఇంట్లో కూర్చున్నాడు. ఊరికే ఉండలేక పాత గుండీలను వేళ్ళతోనే తడిమి, సైజుల వారీగా డబ్బాల్లో వేస్తుంటాడు. ఆ సాయంత్రం ఆమె ఉతకడానికి పనికోటు విప్పి కుర్చీ మీద వేస్తే, జేబులోంచి బోను జారి ఆయన కాళ్ళ దగ్గర పడింది.

"ఏమిటే ఇది? అగ్గిపెట్టెలో సగం ఉంది."

"రాణి బోను. ముట్టుకోకండి, లోపల చచ్చిన రాణి ఉంది."

ఆయన అప్పటికే ముట్టుకున్నాడు. చెక్కను, జాలీని తడిమి, దారం దగ్గర ఆగాడు. దారం తగిలితే ఆయన వేళ్ళు ముందుకు కదలవు.

"బోను చుట్టూ కట్టిన ముడి బాగానే ఉంది. రెండో కొస జారింది. ఏం, ఇవాళ తొందరపడ్డావా?"

"అది నేను కట్టింది కాదు. కొత్తపిల్ల కట్టింది. అందుకే పని పోగొట్టుకుంది."

"ఆ పిల్లదీ ఎడమచేతి వాటమేనా?"

"కాదు."

"మరి ఇది నీ ముడే" అన్నాడు ఆయన తేలిగ్గా. "ముప్ఫయ్యేళ్ళు సాయంత్రాలు కూర్చుని నా షాపులో గుండీలన్నీ నువ్వే కుట్టావు. కొస ఎటు వాలుతుందో నాకు తెలీదా? చీకట్లో చెబుతాను."

పెద్దమ్మ బోను లాక్కుని దీపం కిందికి వెళ్ళింది. ముడి పక్కకు వాలి ఉంది. కొస ఎడమకు నిలిచి ఉంది. రెండో కొసలో దారం ఎక్కడ మెలిపడి జారిందో ఆ గుర్తు మైనం మీద ఇంకా ఉంది. అదీ ఎడమ మెలికే. తాను కాపాడాననుకున్న మూడు పెట్టెలే ఆ మూడు పెట్టెలు. ఆ పిల్ల ముడి వదులుగా లేదు. తన వేళ్ళకే బిగువు తెలియలేదు. బిగువుగా ఉన్నదాన్ని బ్లేడు పెట్టి కోసి, వదులుగా కట్టి వచ్చింది.

"ఇలా రా" అన్నాడు భర్త. "చెయ్యి చాపు."

"ఎందుకు?"

"చాపు అన్నాను కదా. అటు తిరిగి నుంచో."

ఆమె గోడవైపు తిరిగి చెయ్యి ఇచ్చింది. ఆయన చూపుడువేలు పట్టుకున్నాడు. కాసేపు ఏమీ జరగలేదు.

"చేసేదేదో త్వరగా చెయ్యండి" అంది.

"చేశాను" అన్నాడు.

తిరిగి చూస్తే వేలి కొసన చిన్న నెత్తుటి బొట్టు ఉంది. ఆయన ఇంకో చేతిలో సూది ఉంది.

"నెల్లాళ్ళుగా నా చొక్కా గుండీల కింద దారం నమిలినట్టు ఉంటోంది. ఎలుకలేమోననుకున్నా" అన్నాడు. నవ్వబోయి మానేశాడు. "తేలు కుట్టిన దొంగలా ఎన్నాళ్ళని నోరు మూసుకుని తిరుగుతావే? నాతోనైనా చెప్పకూడదా?"

ఆమె వేలిని కొంగుతో తుడుచుకుంది. నొప్పి లేదు. నొప్పి లేకపోవడానికే ఆమెకు భయం వేసింది.

*

శుక్రవారం ఆమె అందరికంటే ముందు తోటకు వెళ్ళింది. కొత్తమ్మాయి కట్టిన వాటిలో మిగిలిన నాలుగు పెట్టెలూ తెరిచి పుల్లలు తీసి చూసింది. వేళ్ళతో కాదు, కళ్ళతో. నాలుగు ముడులూ కుడికి వాలి ఉన్నాయి. ఒకదాన్ని పళ్ళతో పట్టి గుంజింది. పన్ను కదిలిందేమోగానీ ముడి కదల్లేదు. ఆ పెట్టెలో గది గదికీ ఒక్కొక్క గుడ్డు, సూదిమొనంత, నిలబెట్టి ఉంది.

యజమాని వచ్చేసరికి ఏం చెప్పాలో ఆమె సిద్ధం చేసుకుంది. ఆయనే ముందు మాట్లాడాడు.

"రేపు మూడు రాణులు వస్తున్నాయి పెద్దమ్మా. ఈసారి ఇంకెవరినీ చెయ్యి పెట్టనివ్వకండి. మీరు కడితే నాకు నిశ్చింత."

"అలాగే బాబూ" అంది. సిద్ధం చేసుకున్నది చెప్పకుండానే పనిలోకి వెళ్ళింది. ఆ రోజంతా కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది. పొగబాబాయి రెండుసార్లు పిలిచినా పలకలేదు.

సాయంత్రం పెద్దమ్మ కొత్తమ్మాయి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. సైకిల్ షాపు పైన ఒకే గది. ఇనప మెట్లు. తలుపు తెరిచే ఉంది. కొత్తమ్మాయి నేల మీద కూర్చుని, ఎవరివో దుప్పట్లు మడతపెట్టి దొంతర పేరుస్తోంది. లాండ్రీలో పని దొరికినట్టుంది. కూతురు ఒక దుప్పటి కొస పట్టుకుని తల్లికి అందిస్తోంది. గోడకు ఒక మేకు, ఆ మేకుకు సన్నటి తీగతో చేసిన కొక్కెం వేలాడుతోంది. దాని కొసలకు గుడ్డ చుట్టి ఉంది, చల్లదనం తగలకుండా. పెద్దమ్మ దాన్నే చూస్తూ కూర్చుంది.

"మంచినీళ్ళు తాగుతారా?" అంది కొత్తమ్మాయి.

"నీకు తెలుసు కదా."

"తెలుసు."

"నేను పెట్టెల దగ్గరికి వెళ్ళడం చూశావు."

"చూశాను. రోజూ వెళ్తారు కదా. బోను చూశాక అర్థమైంది."

"మరి సార్ ముందు ఎందుకు చెప్పలేదే?"

కొత్తమ్మాయి చేతిలో ఉన్న దుప్పటి మడత పూర్తి చేసి, దొంతర మీద పెట్టి, అంచులు సరిచేసింది.

"చెబితే ఎవరు నమ్ముతారు పెద్దమ్మా? మీరు ఇరవై రెండేళ్ళు. నేను ఎనిమిది నెలలు. పనీ పోయేది, పెద్దావిడ మీద నింద వేసిందన్న పేరూ వచ్చేది. మీకు ముడి తెలుస్తుంది కదా అని మీ చేతికే ఇచ్చాను. రాత్రికి చూస్తారనుకున్నాను."

"చూశాను" అంది పెద్దమ్మ. "నన్ను క్షమించమ్మా."

ఆ మాట అంటే సగం బరువు దిగుతుందనుకుంది. దిగలేదు.

"నా ఒక్కదానితో అంటే ఏం లాభం పెద్దమ్మా" అంది కొత్తమ్మాయి. గొంతులో కోపం లేదు, ఆదరమూ లేదు. "నన్ను పొమ్మన్నది నలుగురిలో."

పాప ఇంకో దుప్పటి కొస పట్టుకుని తల్లికేసి చూస్తోంది. పెద్దమ్మ లేచి మెట్లు దిగింది. దిగేటప్పుడు ఇనప కమ్మీ పట్టుకుంది గానీ అది చల్లగా ఉందో వెచ్చగా ఉందో తెలియలేదు.

*

శనివారం పదింటికి మూడు కొత్త బోనులు బల్ల మీదికి వచ్చాయి. యజమాని షెడ్డులోనే ఉన్నాడు. పొగబాబాయి డబ్బాలో ఎండుగడ్డి కూరుతున్నాడు. మరో ఇద్దరు చట్రాలు గీకుతున్నారు.

పెద్దమ్మ ఆ మూడు బోనులనూ పక్కకు జరిపింది. జేబులోంచి ఖాళీ బోను ఒకటి తీసింది. చచ్చిన రాణిని పొద్దున్నే అందులోంచి తీసి మట్టిలో పెట్టి వచ్చింది.

"బాబూ, ఒకసారి ఇటు రండి. మీరందరూ కూడా."

వాళ్ళు వచ్చారు. ఆమె దారం తీసుకుని బోను చుట్టూ రెండు చుట్లు తిప్పి ముడి వేసింది. కొసను పుల్లకు చుట్టి, ముడి మీద ముడి వేసి, వేళ్ళతో లాగింది. కొస నోటి దగ్గరికి తీసుకెళ్ళలేదు. ఇరవై రెండేళ్ళ అలవాటు కనుక చేతుల కదలికలో ఎక్కడా తేడా లేదు. చూసేవాళ్ళకు ఎప్పటి ముడిలాగే ఉంది.

"లాగండి బాబూ" అంటూ ఆయనకు అందించింది.

"ఎందుకు పెద్దమ్మా?"

"లాగండి."

ఆయన మొహమాటంగా, రెండు వేళ్ళతో లాగాడు. దారం సర్రున జారింది. బోను బల్ల మీద పడి దొర్లింది.

పొగబాబాయి బోనును తీసి, తిప్పి చూసి, మళ్ళీ పెట్టేశాడు.

"తొమ్మిది, పదకొండు, పన్నెండు" అంది పెద్దమ్మ. "అవి ఆ పిల్ల సరిగ్గానే కట్టింది. మీరందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు నేను వెళ్ళి కోసేసి మళ్ళీ కట్టాను. నా వేళ్ళకు స్పర్శ లేదు బాబూ. ఆరు నెలలైంది. బల్ల దగ్గర పళ్ళతో లాగుతున్నాను, అందుకే నావి నిలిచాయి. పెట్టె దగ్గర ముసుగుంది. నిలవలేదు. మీరడిగినప్పుడు నేను ఆ పిల్ల మీదికే తోశాను. అప్పుడు నాకు తెలీదు. నిన్న తెలిసి కూడా మీకు చెప్పలేదు. అది మాత్రం తెలిసే చేశాను."

యజమాని బల్ల మీద దారాన్ని చూస్తూ ఉండిపోయాడు. "డాక్టరుకు చూపించుకోలేదా?" అన్నాడు చివరికి.

"చూపించుకుంటాను. ముందు ఇది తేల్చండి."

"సరే పెద్దమ్మా. రమ్మన్నానని చెప్పండి ఆ అమ్మాయికి."

"నేను చెబితే రాదు. రాకూడదు కూడా. పొమ్మన్నది మీరు, నలుగురిలో అన్నారు. మీరే వెళ్ళాలి. సైకిల్ షాపు పైన గది."

ఇరవై రెండేళ్ళలో ఆయనతో గానీ, ఆయన తండ్రితో గానీ ఆమె అలా మాట్లాడలేదు. ఆయన ముఖం కాస్త ఎర్రబడింది. అలవాటుగా అక్కడికక్కడే తేల్చేద్దామని ఏదో అనబోయి, బండి తాళంచెవి తీసుకుని బయటికి నడిచాడు. పొగబాబాయి కూడా వెంట వెళ్ళాడు, దారి చూపిస్తానని చెప్పి. నిజానికి సైకిల్ షాపు ఎక్కడుందో ఊళ్ళో అందరికీ తెలుసు.

పెద్దమ్మ మూడు బోనులకూ జాలీ మీద తలా ఒక నీటిచుక్క వేసి, తడిగుడ్డ కప్పి, నీడలో పెట్టింది. తర్వాత ఖాళీ పెట్టెలు కడిగే తొట్టి దగ్గరికి ఎవరూ చెప్పకుండానే నడిచింది. అనుకున్నంత దూరం లేదు.

*

ఆ రోజు కొత్తమ్మాయి రాలేదు. లాండ్రీకి మాటిచ్చానని, దుప్పట్లు అప్పజెప్పి సోమవారం వస్తానని చెప్పి పంపింది. రాణులు రెండు రోజులు షెడ్డులోనే ఉన్నాయి. పెద్దమ్మ ఆదివారం కూడా వచ్చి వాటికి నీళ్ళు వేసి వెళ్ళింది.

సోమవారం పొద్దున బల్ల దగ్గర కొత్తమ్మాయి ఒక్కతే కూర్చుంది. దారంతోనే కట్టింది. తీగ కొక్కెం సంగతి తర్వాత చూద్దామని యజమాని అన్నాడు. పొగబాబాయికి నడుం పట్టేసిందట. నిజంగా పట్టిందో, పెద్దమ్మను తొట్టి దగ్గర చూడలేకపోయాడో గానీ, పొగడబ్బా తెచ్చి ఆమె చేతికిచ్చి వెళ్ళిపోయాడు. డబ్బా వేడి తెలియదు కనుక ఆమె పిడికి గుడ్డ చుట్టుకుంది.

ఇద్దరూ తొమ్మిదో పెట్టె దగ్గరికి వెళ్ళారు. పెద్దమ్మ రెండు పొగలు ఊదింది. కొత్తమ్మాయి మూత తీసింది. పెట్టె ఇంకా మూలుగుతూనే ఉంది. ఆమె చట్రాలు జరిపి, చక్కెర ముద్ద వైపు బిరడా పీకి, ఆ చివర పైకి, జాలీ సందులోకి వచ్చేలా బోనును దించింది. పుల్లను అడ్డంగా ఉంచింది. ఒకటి రెండు ఈగలు వచ్చి జాలీ మీద వాలాయి. కొరకలేదు. నాలుక చాచి రాణికి ఏదో అందించాయి.

కొత్తమ్మాయి పలకముక్క తీసుకుని నిలువు గీత గీసింది. మూత చేతిలో పట్టుకుని ఆగింది.

"ఒకసారి చూసుకోండి పెద్దమ్మా" అంది.

అది మర్యాదో, ఎత్తిపొడుపో ఆ గొంతును బట్టి చెప్పడం కష్టం. పెద్దమ్మ ఎడమచెయ్యి పుల్ల దాకా దానంతటదే వెళ్ళింది. అక్కడ ఒక్క క్షణం ఆగి, వెనక్కి వచ్చి పొగడబ్బాను పట్టుకుంది.

"చూసేదేముంది" అంది. "మూత పెట్టు. వాటికి చలి."